రాము తర్వాత కోచ్ ఎవరు

ఇదివరకటి సంగతులు మరిచిపోయినవారి కోసం నాలుగు మాటలు. గల్ఫ్ యుద్ధం ముగిసి తొమ్మిది నెలలైంది. సౌదీలోని జుబైల్‌లో మన దేశపు పిల్లల బడిలో లెక్కలు చెప్పే నేను, అదే ఊళ్ళో పైపు ఫిట్టరుగా పనిచేసిన నా తమ్ముడు రామును సెప్టెంబరులో పోగొట్టుకున్నాను. ఒక ఫ్యాక్టరీలో మరమ్మతు జరుగుతుండగా, మూసి ఉండాల్సిన వాల్వు తెరిచారు. ఆవిరి వచ్చింది. మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. "అందరూ బయటికి వచ్చారు, వాల్వు తెరవవచ్చు" అని కాగితం మీద సంతకం పెట్టింది ఫోర్‌మన్ బాలన్న. కంపెనీ విచారణ పూర్తయింది. శనివారం ఉదయం ఆ నివేదిక మీద సంతకాలు పడితే బాలన్నను ఎగ్జిట్ మీద పంపేస్తారు. మళ్ళీ ఈ దేశంలో అడుగు పెట్టలేడు. శుక్రవారం మధ్యాహ్నం, రాము ఉన్న కార్మికుల క్యాంపువాళ్ళు నన్ను పిలిపించారు. రాము వారి ఫుట్‌బాల్ టీముకు కోచ్. అతని స్థానంలో ఇంకొకరిని ఎన్నుకోవాలి.

నేను వెళ్ళేసరికి భోజనాలు అయిపోయాయి. మెస్ హాల్లో బల్లలు గోడకు జరిపి బెంచీలు రెండు వరుసలుగా వేశారు. ఎవరూ చెప్పకుండానే ఒక వరుసలో బాలన్న కావాలనేవాళ్ళు, రెండో వరుసలో వద్దనేవాళ్ళు కూర్చున్నారు. నాకు మధ్యలో ఒక కుర్చీ వేశారు.

ఆ టీమును అందరూ కాలేజీ టీం అంటారు. అందులో డిగ్రీ పూర్తి చేసినవాడు ఒక్కడూ లేడు. తొమ్మిదేళ్ళ కింద మొదట వచ్చిన ఐదుగురు జగిత్యాల వైపు ఒకే కాలేజీ టీములో ఆడేవాళ్ళు. వీసా దొరకగానే చదువు మానేశారు కానీ కాలేజీ జెర్సీలు పెట్టెల్లో పెట్టుకొని విమానం ఎక్కారు. ఆ జెర్సీలు చిరిగిపోయాయి, పేరు మిగిలింది. ఆడేవాళ్ళు కాంట్రాక్టు తీరగానే మారిపోతుంటారు. ఆడే వయసు దాటినవాళ్ళు మాత్రం అక్కడే ఉండిపోతారు. గ్రౌండులో రాళ్ళు ఏరేది వాళ్ళు, జిప్సం పొడితో గీతలు గీసేది వాళ్ళు, జెర్సీలు ఉతికేది వాళ్ళు. అందుకే కోచ్‌ను ఎన్నుకునే హక్కు కూడా వాళ్ళదే. ఆ రోజు ఆటగాళ్ళకు మాట్లాడే వీలు లేదు. గోడ వెంట కింద కూర్చుని వినాలి.

రామును కూడా ఇలాగే ఎన్నుకున్నారు. రమ్మని నన్ను పిలిచాడు. పరీక్ష పేపర్లు దిద్దాలని నేను వెళ్ళలేదు.

"సార్ వచ్చిండు. మొదలువెడదాం," అన్నాడు పోశన్న. పరంజా కట్టే పని అతనిది. యాభై దాటాయి. టీం ఓడిన పూట అన్నం ముట్టడని పేరు. "నేను చెప్పేది ఒక్కటే పేరు. బాలన్న. బోధన్ల చక్కెర ఫ్యాక్టరీ టీంకు హాఫ్‌బ్యాక్ ఆడినోడు. మనల ఆట తెలిసినోడు గాయనొక్కడే."

"ఆట తెలుసు కాకా. లెక్కనే తెల్వదు," అన్నాడు ఎదుటి వరుసలోంచి నాగేందర్. "లోపల ఎందరున్నరో, బయట ఎందరున్నరో."

ఇద్దరు ముగ్గురు నవ్వబోయి, నన్ను చూసి తలలు దించుకున్నారు.

నాగేందర్ వెల్డరు. ముప్పై ఏళ్ళుంటాయి. మ్యాచ్ ఉన్న రోజున ఇనుప రేకు ఒకటి తెచ్చి వెల్డింగ్ రాడ్డుతో వాయిస్తాడు. ఆ చప్పుడు పక్క క్యాంపు దాకా వినబడుతుందంటారు. రామును అన్నా అని పిలిచేవాడు. ఆసుపత్రి బయట మూడు రోజులూ నాతోపాటు కూర్చున్నాడు.

"రేపు పొద్దుగాల ఎగ్జిట్ కొట్టేటోన్ని కోచ్ జేసి ఏం జేస్తవ్?" అన్నాడు మళ్ళీ. "దమ్మాం కప్పుకు మూడు వారాలున్నయి. గాయన ఆర్మూర్ బస్టాండ్ల నిలవడి సీటీ ఊదుతడా?"

"మనం ఎన్నుకుంటె ఎగ్జిట్ ఆగుతదేమో. క్యాంపు మొత్తం ఆయన దిక్కున్నదని తెలుస్తది. రాము అన్నగారు గూడ సరేనంటె కంపెనీ ఆలోచన జెయ్యదా?"

"అంటె మనం కోచ్‌ను ఎన్నుకుంటున్నమా, సాక్షి చెప్తున్నమా?"

"రెండూ," అన్నాడు పోశన్న.

నన్ను ఎందుకు పిలిచారో అప్పుడు నాకు స్పష్టమైంది. బాలన్న వైపు చూశాను. వంటగది గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. పొడవాటి మనిషి, నెరిసిన మీసం. అక్కడ తన గురించే మాట్లాడుతున్నారన్న సంగతి తెలియనట్టు నేల చూస్తున్నాడు. రాము పోయినప్పటి నుంచి అతను నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ మాట్లాడించలేదు.

"మరి నీ మనిషెవరు?" అని ఎవరో నాగేందర్‌ను అడిగారు.

"రామప్రసాద్ సార్. వాల్తేరు కాలేజీల గోల్‌కీపర్. ఇంజనీరు. అరబ్బోళ్ళతోని మాట్లాడి గ్రౌండ్ ఇప్పిస్తడు."

రామప్రసాద్ తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తెనాలి మనిషి. అదే కంపెనీలో మరమ్మతుల ఇంజనీరు. ఆఫీసువాళ్ళు క్యాంపుకు రావడం అరుదు, అతను మాత్రం రెండు శుక్రవారాలుగా వస్తున్నాడు. తన పేరు వినగానే లేచి నిలబడి మళ్ళీ కూర్చున్నాడు.

"ఇంజనీర్ సాబ్ బోర్డు మీద గీతలు గీస్తడు," అన్నారు అటువైపు నుంచి. "మొన్న అరగంట చెప్పిండు. మన లెఫ్ట్ బ్యాక్ నిద్రవోయిండు."

"మలయాళపోళ్ళు అయిదు గోల్స్ గొడ్తున్నప్పుడు గూడ నిద్రనే వోయిండు గదా. గీతలతోని ఏం సంబంధం?"

ఈసారి అందరూ నవ్వారు. గోడ దగ్గరి లెఫ్ట్ బ్యాక్ కూడా నవ్వాడు.

"వాళ్ళు బాలు కింద కింద పెట్టుకుంట పాసులిచ్చుకుంట వస్తరు. మనోళ్ళకు బాలు కనవడితె చాలు, సముద్రంల వడేటట్టు తంతరు. గీతలు గియ్యాలె, గీసి నేర్పాలె."

"మన గ్రౌండ్ల కింద బాలు యాడ నడుస్తది? యుద్ధమప్పుడు అమెరికోళ్ళు నాలుగు నెలలు బండ్లు నిలవెట్టి రోడ్డు చేసి పోయిండ్రు. వడ్డోనికి మోకాలు చిప్ప ఉంటలేదు. గిసొంటి నేల మీద ఎట్లాడాలెనో బాలన్నకే తెలుసు."

"అన్నీ బాలన్నకే తెలుసు," అని నాగేందర్ వరుసలో ఎవరో వెక్కిరించారు.

"సైరన్ మోగంగనె సామాను సర్దుకొని పోయినోనికి తెలుస్తదా? యుద్ధం సౌదీలయితె ఇంజనీర్ సాబ్ తెనాలిల ఉన్నడు. దమ్మాంల పెనాల్టీ వస్తె యాడుంటడో."

రామప్రసాద్ ముఖం ఎర్రబడింది. కానీ గొంతు పెంచలేదు. "ఉన్నమాటే అన్నారండీ. జనవరిలో వెళ్ళాను, ఏప్రిల్లో వచ్చాను. మా ఆవిడకి నెలలు నిండాయి. వెళ్ళకుండా ఉండాల్సిందని మాత్రం నేను అనను."

ఆ జవాబు నాకు నచ్చింది. ఎదుటి వరుసలో కూడా ఒకరిద్దరు తల ఊపారు.

పోశన్న లేచాడు. "బాలన్న పోలేదు. సైరన్ మోగినప్పుడల్ల గీ హాల్లకే వచ్చేటోళ్ళం. గీ తలుపు కాడ నిలవడి ఒక్కొక్కన్ని పేరు వెట్టి పిలిచెటోడు. అరవై నలుగురం. ఒక్కడు పలుకకున్నా తలుపు వెయ్యనియ్యలే. సంగారెడ్డి పోరడు స్నానాల గదిల ఇరుక్కుంటె పొయ్యి ఎత్తుకొచ్చిండు. మర్శిపోయిండ్రా?"

"మర్శిపోలే కాకా," అన్నాడు నాగేందర్. "అదే అడుగుతున్న. గట్ల పేరు పేరున పిలిచెటోడు, ఆ బేస్తారం ఎందుకు పిలువలే? పన్నెండు మందే గదా ఉన్నది. రామన్నా అని ఒక్కసారి పిలిస్తె లోపలి నుంచి పలికెటోడు గదా. నేను ఆ రోజు మొదటి బస్సుల పొయ్యి గ్రౌండ్ల గూసున్న. ఇంక వస్తడు, ఇంక వస్తడు అని తొవ్వ చూసుకుంట గూసున్న. గాయన రాలే. అంబులెన్స్ పోయింది. ఎవన్కోసమో అనుకున్న."

రెండు వరుసలూ నా వైపు చూశాయి. వాళ్ళు నా నోటి నుంచి ఒక మాట కోసం చూస్తున్నారు. అవునంటే బాలన్న కోచ్. కాదంటే, రేపు ఉదయం కంపెనీ చేయబోయే పనిని ఈ రోజే నేను చేసినట్టు.

నేను బాలన్నను అడిగాను. "నువ్వు సంతకం పెట్టేటప్పుడు బోర్డు మీద రాము కార్డు ఉన్నదా?"

ఆ కార్డు గురించి చెప్పాలి. మరమ్మతుకు దిగే ప్రతి మనిషీ తన పేరు, ఫోటో ఉన్న కార్డును వాల్వు దగ్గరి బోర్డుకు తగిలించి లోపలికి వెళ్తాడు. బయటికి వచ్చాక తీసుకుంటాడు. బోర్డు మీద ఒక్క కార్డున్నా వాల్వు ముట్టుకోరు. ఎవరి కార్డు వాళ్ళ చేత్తోనే తీయాలి. నాకు ఈ సంగతి రామే చెప్పాడు. "తండ్రి కార్డు కొడుకు గూడ తియ్యొద్దు అన్నా, అంత కఠినం," అని ఒక రోజు మా ఇంట్లో అన్నం తింటూ చెప్పాడు.

"లేదు సార్," అన్నాడు బాలన్న. రెండు నెలల తర్వాత నేను విన్న అతని మొదటి మాట అది.

"ఎవరు తీశారు?"

"అడగొద్దు సార్."

"రాము తానే తీసుకొని మళ్ళీ లోపలికి పోయాడని కంపెనీ కాగితంలో ఉందట. అది నిజమా?"

రామప్రసాద్ కుర్చీలోంచి ముందుకు వంగాడు.

"మాస్టారూ, నేను చెప్పొచ్చో లేదో నాకే తెలీదు. ఆ కాగితం రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను. రేపు పెట్టాల్సిన మూడో సంతకం నాది. రాము కార్డు తానే తీసుకున్నాడని రాశాం, ఎందుకంటే వేరే ఎవరూ ఏమీ చెప్పలేదు. కానీ నాకు ఒక్కటి అర్థం కావడం లేదు. కంట్రోల్ రూమ్ పుస్తకంలో టైము రాసి ఉంది. మూడూ పదికి పన్నెండు కార్డులు తీశారు. పన్నెండూ ఒకే నిమిషంలో. పన్నెండు మంది వరసలో నిలబడి తీస్తే పావుగంట పడుతుంది కదండీ. ఆ మాట తేలకుండా నేను రాము కుర్చీలో కూర్చోలేను."

గోడ వెంట కూర్చున్న పదకొండు మందీ ఒకేసారి తలలు దించారు. బడిలో ఇరవై రెండేళ్ళు పనిచేశాను. ఆ తలలు దించడం నాకు తెలుసు.

"మీకు తెలుసు," అన్నాను. "చెప్పండి."

వాళ్ళు చెప్పలేదు. ఆ రోజు వాళ్ళకు మాట్లాడే హక్కు లేదు. చెప్పింది పోశన్న.

కువైట్ చమురు బావులు మండినన్నాళ్ళూ జుబైల్ మీద పొగ కమ్మేది. కొన్ని రోజుల్లో మధ్యాహ్నం మూడున్నరకే లైట్లు వేసుకునేవాళ్ళం. క్యాంపు గ్రౌండుకు దీపాలు లేవు. గురువారం పని మూడింటికి ముగుస్తుంది. మొదటి బస్సు మూడుంపావుకు, రెండోది నాలుగుకు. కార్డుల దగ్గర వరసలో నిలబడితే మొదటి బస్సు అందదు. రెండోది ఎక్కితే బంతి కనబడదు. టీమంతా బాలన్న గ్యాంగులోనే ఉంది. అందుకని రాము ఒక ఉపాయం చేశాడు. గురువారాల్లో తనతో కలిపి పన్నెండు మంది కార్డులనూ ఒక తీగ రింగుకు గుచ్చి, ఆ రింగునే బోర్డుకు తగిలించేవారు. పని అవగానే ఆటగాళ్ళు బస్సుకు పరుగెత్తేవారు. వెనక ఉండే ఒక అభిమాని వాళ్ళు బస్సెక్కడం చూసి, తలలు లెక్కపెట్టి, రింగు మొత్తం తీసేవాడు. ఏప్రిల్ నుంచి ప్రతి గురువారం అలాగే జరిగింది. బాలన్నకు తెలుసు. వద్దని మొదట అన్నాడు, తర్వాత అనలేదు. టీం బాగా ఆడుతోంది.

"ఎవరి ఉపాయం?" అని మళ్ళీ అడిగాను. విన్నాను, అయినా అడిగాను.

"రాముదే సార్," అన్నాడు పోశన్న.

ఆర్మూరులో రాము భార్య ఊర్మిల ఉంది. ఎలా జరిగిందో రాయమని రెండు ఉత్తరాలు రాసింది. ఎవరి తప్పో తెలిశాక రాద్దామని నేను జవాబు ఆపాను.

"ఆ రోజు రింగు ఎవరు తీశారు?"

"కాకా, చెప్పకు," అన్నాడు బాలన్న.

"నేను తీసిన," అన్నాడు పోశన్న. అతని చేతులు పక్కన వేలాడుతున్నాయి. "లెక్కవెట్టే తీసిన సార్. మొగులు నల్లగుండె. బస్సు అవుతలికున్నది, వీపులే కనవడుతున్నయి. వేలు వెట్టి లెక్కవెట్టిన. పన్నెండు మంది ఎక్కిండ్రు. పన్నెండు. రెండుమార్లు లెక్కవెట్టిన. గప్పుడు తీసిన. రెండు బోల్టులు వదులున్నయని రాము తిరిగిపోయిండని నాకు తెల్వది. స్పానరు ఆయన చేతుల్నే దొరికిందన్నరు. మరి బస్సు ఎక్కిన పన్నెండో మనిషి ఎవరో గీ దినం దాంక నాకు సమజ్ కాలే."

నేను లెక్కల టీచరును. పన్నెండు కార్డులు, పన్నెండు తలలు. లెక్క సరిపోయింది. మనిషి సరిపోలేదు. మొదటి బస్సు ఆటగాళ్ళది. అభిమానులు రెండో బస్సులో రావాలి.

నాగేందర్ అప్పటిదాకా నిలబడి ఉన్నాడు. పోశన్న చివరి మాట అయ్యాక అతను చేత్తో వెనక్కి తడుముకుంటూ బెంచీ కోసం వెతికాడు. దొరకలేదు. పక్కవాడు చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. అతను నా వైపు చూడలేదు, ఎవరి వైపూ చూడలేదు. "జల్ది పోతె గీతలు గియ్యచ్చని మొదటి బస్సు ఎక్కిన," అన్నాడు. ఆ మాట ఎవరినీ ఉద్దేశించి కాదు. "జిప్సం సంచి నా దగ్గర్నే ఉండె."

బాలన్న గుమ్మం వదిలి వచ్చి అతని పక్కన నిలబడ్డాడు. "గందుకే చెప్పలే సార్," అన్నాడు నాతో. "తప్పు నాది గాదని నేననను. రింగు సంగతి తెల్సి సంతకం వెట్టిన. పేర్లు పిలిస్తె రింగు బయటవడుతదని పిలువలే. గిది కంపెనీకి ఎరుకైతె పదకొండు మంది, కాకా, వీడు, అందరికి ఎగ్జిట్. నేనొక్కన్ని పోతె అయిపోతది. నన్ను కోచ్ జెయ్యకుండ్రి. రామప్రసాద్ సార్‌ను జెయ్యుండ్రి. మంచి మనిషి."

అప్పుడే అందరికీ రామప్రసాద్ అక్కడ ఉన్నాడన్న సంగతి గుర్తొచ్చినట్టుంది. రెండు వరుసలూ తలుపు వైపు తిరిగాయి. అతను లేచి నిలబడ్డాడు. చొక్కా జేబులో కలం ఉంది. ఆ కలం మీద చెయ్యి పెట్టుకొని, తీయకుండా నిలబడ్డాడు.

"మాస్టారూ," అన్నాడు. "రేపు ఏడింటికి సంతకం. ఇది రాస్తే బాలన్న గారి మీద భారం సగం తగ్గుతుంది. కానీ మిగతా అందరి ఇకామా కార్డులూ వీసా ఇచ్చిన కఫీల్ చేతికి పోతాయి, ఎవరూ ఇక్కడ ఉండలేరు. అన్నిటికంటే ముందు, తప్పు చేసినవాళ్ళలో మొదటి పేరు మీ తమ్ముడిది అవుతుంది. రాయకపోతే రేపు బాలన్న గారొక్కరే వెళ్తారు. నా అంతట నేను తేల్చుకోలేను. రాము తరపున మాట్లాడగలిగింది మీరొక్కరే. ఈ గదిలో నేను విన్నానా, వినలేదా?"

"విన్లేదనుండ్రి సార్," అన్నాడు బాలన్న.

"విన్నడనుండ్రి సార్," అన్నాడు పోశన్న. "నాకు నిద్ర లేదు."

నేను లేచాను. నేను లేవగానే గోడ దగ్గరి పదకొండు మందీ లేచి నిలబడ్డారు. వాళ్ళల్లో ఎవరి పేరు ఎవరిదో నాకు సరిగా తెలియదు. రాముకు తెలుసు. ఎవరి ఎడమ కాలు బలహీనమో, ఎవరికి ఇంటి నుంచి ఉత్తరం రాలేదో మా ఇంటికి వచ్చినప్పుడల్లా చెబుతుండేవాడు. నేను పేపర్లు దిద్దుకుంటూ ఊఁ కొట్టేవాణ్ణి.

"కలం తీయండి రామప్రసాద్ గారూ," అన్నాను.

బాలన్న ఒక అడుగు ముందుకు వేశాడు. నేను చేత్తో ఆగమన్నాను.

"ముందు నా తమ్ముడి పేరు రాయండి. రింగు కట్టింది అతనే అని రాయండి."

రామప్రసాద్ జేబులోంచి చిన్న పుస్తకం తీసి, నిలబడే రాశాడు. రాయడం అయ్యాక కలం ఎత్తి, తర్వాతి పేరు కోసం నా వైపు చూశాడు.

"తీసింది కూడా..." అని మొదలుపెట్టి, పోశన్న ముఖం చూసి ఆగాను. మళ్ళీ తమ్ముడి పేరే చెప్పడానికి నోరు తెరిచేలోగా నాగేందర్ లేచి వచ్చి నా ఎదుట నిలబడ్డాడు.

"మీరు ఎవరి పేరు చెప్పవోతున్నరో నాకు తెలుసు సార్," అన్నాడు. "రామన్న మీదనే అంత ఏసేటట్టయితె, ఆ మాట మోసేది ఊర్మిలక్క గదా, ముందుగాల ఆమెను అడగుండ్రి."